వంట లేని రోజుల లెక్క

చంద్రకళ ఒకచోట కుదురుగా కూర్చుని ఉండగా చూశామని చెప్పేవాళ్ళు ఆదోనిలో ఒక్కరూ లేరు. ఎమ్మిగనూరు బస్సులో సీట్లన్నీ ఖాళీగా ఉన్నా డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని నిలబడేది. కాలేజీలో పాఠం చెబుతూ బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు, అక్కడి నుంచి తలుపు దాకా తిరుగుతుంటే, ఆమె వెంట చూపు తిప్పలేక బి.ఎస్సీ పిల్లలకు మెడలు పట్టేసేవి. ఇంట్లో కూర కలుపుతూ ఒక చేత్తో గరిటె పట్టుకుని, రెండో చేతి వేలితో గాలిలో ఏదో రాసుకునేది. పక్కింటి అంజినమ్మ గోడ మీదుగా అది చూసి, "మీ కోడలు గాలికి ముగ్గేస్తాందే రుక్మమ్మా" అని అడిగింది ఒకసారి.

"ముగ్గు గాదు, లెక్కలు" అంది అత్తగారు రుక్మాబాయి. "భయపడొద్దులే, ఎవురికీ అర్థం గావు."

మద్దికెర దగ్గర ఒక పల్లెలో పూజారుల ఇంట పుట్టిన పిల్ల చంద్రకళ. ఎట్లా చదివిందో ఏమో, ఎం.ఎస్సీ గణితం చదివి, డెబ్భైల మొదట్లో ఆదోనికి కోడలిగా వచ్చింది. వచ్చిన ఏడాదికే ఊళ్ళో ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం దొరికింది. భర్త విఠల్‌రావు హైస్కూల్లో సంస్కృతం పంతులు. మహా నెమ్మదస్తుడు. ఒకే ఇంట్లో ఇద్దరు పరుగెత్తితే గుమ్మం చాలదనుకున్నాడో ఏమో, పరుగంతా భార్యకే వదిలేశాడు.

పొద్దున పొయ్యి, మడి నీళ్ళు, పూజకు సర్దడం, కూతురి జడ, కాలేజీ. సాయంత్రం మళ్ళీ పొయ్యి. పత్తి సీజనులో మార్కెట్ యార్డు నుంచి బండ్లు వరసగా పోతుంటే దూది పింజలు గాలికి లేచి ఆరేసిన చీరల మీద వాలేవి, అవి దులపడం ఇంకొక పని. ఇవన్నీ చేస్తూనే ఆమె మనసు మాత్రం వేరేచోట తిరుగుతూ ఉండేది. పెళ్ళికి ముందు చదువులో తగిలిన ఒక సమీకరణం ఆమెను వదల్లేదు. కాలిలో ముల్లు విరిగినట్టు లోపలే ఉండిపోయింది.

దాని సంగతి చెప్పాలి. మామూలుగా డెరివేటివ్ అంటే వేగమనో, వాలు అనో చెబుతారు. చంద్రకళ పట్టుకున్న అవకలన బీజగణితంలో ఆ అర్థాలతో పని లేదు. అక్కడ వై అనేది ఒక అక్షరం. వైని అవకలనం చేస్తే వచ్చేది ఇంకో అక్షరం. దాన్ని మళ్ళీ చేస్తే మరొకటి. తల్లి, కూతురు, మనవరాలు అన్నట్టు వరసగా వస్తూనే ఉంటాయి. కూడికకు ఒక నియమం, గుణకారానికి ఒక నియమం, అంతకు మించి చేతిలో ఏమీ ఉండదు. సమీకరణాన్ని అవకలనం చేయాలి, వచ్చినదాన్ని పాతదానితో కలిపి ఒక్కో అక్షరాన్నీ తప్పించాలి, చివరికి ఏం మిగిలిందో చూడాలి. చెప్పడానికి ఇంతే. చేయబోతే, మొదట ఒక వరసలో ఉన్న సమీకరణం నాలుగో మెట్టుకు వచ్చేసరికి పేజీలకు పేజీలు మింగేస్తుంది.

ఆమె సమీకరణానికి ఒకే పోలికున్న సాధనల కుటుంబం ఒకటి ఉందని అందరికీ తెలిసిందే. ఆ కుటుంబం కాక ఇంకొక సాధన లేదని నిరూపించాలి. అది నిరూపిస్తే పిహెచ్‌డి. "ఇంకేదీ లేదు" అన్న రెండు మాటలు రాయడం కోసం చంద్రకళ ఎన్ని తెల్లకాగితాలు ఖర్చు పెట్టిందో లెక్కే లేదు. అనంతపురంలో సేతుమాధవరావు గారనే పెద్దాయన గైడుగా ఒప్పుకుని రిజిస్టర్ చేయించాడు. ఆయన మంచివాడే గానీ, పోయినప్పుడల్లా "ఇంకోసారి సరిచూసుకోమ్మా" అనడం తప్ప వేరే మాట అనేవాడు కాదు. సరిచూసుకున్న ప్రతిసారీ ఎక్కడో ఒక మైనస్ ప్లస్ అయి కూర్చునేది. పాలు పొంగే వేళకు ఒకటి, పిల్ల ఏడ్చే వేళకు ఒకటి తప్పు దొర్లేది.

అప్పుడు చంద్రకళ అత్తగారితో ఒక ఒప్పందం చేసుకుంది. మాధ్వుల ఇంట ఏకాదశి నాడు పొయ్యి వెలగదు. రుక్మాబాయి ఇంట్లో అయితే తీర్థం తప్ప మంచినీళ్ళు కూడా గొంతు దిగవు. చిన్నపిల్లకు మాత్రం ఆవిడే అటుకులు తడిపి పెట్టేది. వంట లేదు, గిన్నెలు లేవు, మధ్యాహ్నం మఠంలో పురాణం వినడమే పని.

"అత్తా, ఏకాదశి పొద్దు నేను పురాణానికి రాను. ఆ ఒక్క పొద్దూ నాకిడిసిపెట్టండి" అంది చంద్రకళ.

"ఎందుకే?"

"లెక్క సేసుకోవాల."

"ఎంతకాలం?"

"డిగ్రీ వచ్చేదాంక."

రుక్మాబాయి తులసి మాల తిప్పుతూ కాసేపు ఆలోచించింది. "సరే. డిగ్రీ వచ్చేదాంక ఏకాదశి నీది. వచ్చినంక మాత్రం నాతో మఠానికి రావాల. ముందే సెప్తాండా." ఆవిడ ఒక మాట అన్నదంటే దాన్ని పొడిగించమన్నా పొడిగించదు, కుదించమన్నా కుదించదు. కూరగాయల బజారు మొత్తానికీ ఆ సంగతి తెలుసు.

అట్లా ఏకాదశి చంద్రకళదైంది. కాలేజీ ఉంటే క్లాసులు ఎవరితోనో మార్చుకునేది. ఊళ్ళో అందరికీ ఏకాదశి నాడు నీరసం వస్తే, ఆమెకు ఆ రోజే ఒంట్లోకి ప్రాణం వచ్చేది.

కొన్నేళ్ళు ఇట్లా గడిచాక, ఎనభైల నడుమ, జిలాని బాషా కనబడ్డాడు. ఆమె దగ్గరే బి.ఎస్సీ చదివిన కుర్రాడు. బెంగుళూరులో కంప్యూటర్ నేర్చుకుని వచ్చి, ఎమ్మిగనూరులో ఒక జిన్నింగ్ ఫ్యాక్టరీలో చేరాడు. కూలీల జీతాలు, పత్తి బేళ్ళ లెక్కలు అన్నీ ఆ పెట్టెలోనే. బస్టాండులో మేడం నిలబడి గాలిలో రాస్తుంటే పోల్చుకుని పలకరించాడు.

"మేడం, ఇంకా అదే లెక్కా?"

"అదే నాయనా. సావనీయదు, బతకనీయదు."

"బెంగుళూరు నుంచి ఒక ఫ్లాపీ తెచ్చినా. అంకెలు గాదు మేడం, అక్షరాలతోనే లెక్క సేస్తాది. డెరివేటివ్‌లు గూడా. మా ఆఫీసుకు రాండి, సూపిస్తా. నెలకు రెండు మూడు పొద్దులు మిషను ఖాళీగానే ఉంటాది."

చంద్రకళకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అక్షరాలను గుణించే యంత్రం! పాలు పొంగవు, పిల్ల ఏడవదు, మైనస్‌ను ప్లస్ చేయదు. వచ్చే ఏకాదశికే ఎమ్మిగనూరు బస్సెక్కింది.

ఆ కంప్యూటర్ గది ఆ ఫ్యాక్టరీకి గర్భగుడి లాంటిది. బయట ఎండకు తారు కరుగుతుంటే లోపల ఏసీ చల్లదనానికి దంతాలు కొట్టుకునేవి. చెప్పులు బయటే విప్పాలి. నల్ల తెర మీద పచ్చటి అక్షరాలు. జిలాని కుర్చీ చూపించాడు, ఆమె కూర్చోలేదు. నిలబడే వంగి, ఒక్కో మీట వెతుక్కుంటూ, వైని అవకలనం చేయమని కొట్టింది. తెర మీద సున్నా పడింది. ఇంకోసారి కొట్టింది. మళ్ళీ సున్నా.

"ఇదేం యంత్రం నాయనా? వైకి డెరివేటివ్ సున్నా అంటాదేమి?"

జిలాని పుస్తకం తిరగేసి, బుర్ర గోక్కుని నవ్వాడు. "వై అనేది ఎక్స్‌ను బట్టి మారతాదని మీరు దానికి సెప్పలేదు మేడం. సెప్పకపోతే అది మారదనుకుంటాది."

చంద్రకళ కూడా నవ్వింది. మనసులో ఉన్నది దానికి తెలియదు, నోరు విప్పి చెప్పాలి. అత్తగారితో బతికినదానికి అదేమంత కష్టమని సర్దిచెప్పుకుంది. వై ఎక్స్‌ను బట్టి మారుతుందని చెప్పగానే, తల్లి, కూతురు, మనవరాలు తెర మీద వరసగా వచ్చి నిలబడ్డాయి.

అప్పటి నుంచి ప్రతి ఏకాదశికీ ఎమ్మిగనూరే. జిలాని తన గదిలో గోడకు వేలాడే పత్తి కంపెనీ క్యాలెండరులో ఏకాదశులు చూసి, వాటి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఆ రోజులకు మిషను ఖాళీ పెట్టేవాడు. మొదట్లో మెట్లన్నీ సాగలేదు. మూడో మెట్టుకల్లా సమీకరణం ఊరి పెద్దకాలవలా పొంగి, చోటు చాలక యంత్రం ఆగిపోయేది. అప్పుడు జిలానీయే ఒక ఉపాయం చెప్పాడు.

"ప్రతి మెట్టులో కామన్ ఫ్యాక్టర్ కనపడతానే కొట్టేయమని దీనికి సెప్దాం మేడం. అప్పుడు లావెక్కదు. క్లాసులో మీరు సెప్పేవాళ్ళు గదా, కామన్ ఫ్యాక్టర్ కనపడితే ఆలోచించొద్దు, కొట్టేయండి, టైం కలిసొస్తాది అని."

నిజమే, చెప్పేది. పరీక్షలో పిల్లలు గట్టెక్కాలని చెప్పేది. కాగితం మీద తను చేసేదీ అదే. ఉమ్మడి కారణాంకం కనిపిస్తే పెన్నుతో అడ్డగీత, తరవాతి వరసలోకి పరుగు. ఆ పద్ధతినే జిలాని కంప్యూటర్‌కు నేర్పాడు. ఆ తరవాత లెక్క ముందుకు నడిచింది.

ఆ ఏడాది రంజాన్ నడివేసవిలో వచ్చింది. ఏకాదశి నాడు చంద్రకళ వెళ్ళేసరికి జిలాని రోజా ఉపవాసం మీద ఉన్నాడు. ఫ్యాక్టరీ మేనేజరు పాపం మర్యాదకు రెండు సోడాలు పంపించాడు. ఇద్దరూ ఆ సోడాల వంక చూశారు, ఒకరి వంక ఒకరు చూసుకున్నారు.

"మీరు తాగండి మేడం."

"నాకు ఏకాదశి నాయనా. నువ్వు?"

"నాకు రోజా గదా."

సోడాలు వచ్చిన దారినే పోయాయి. నాలుకలు అంగిట్లో అతుక్కుపోతుంటే ఇద్దరూ తెరకు కళ్ళప్పగించారు. మధ్యాహ్నం నమాజుకు జిలాని లేచి వెళ్ళి వచ్చేసరికి చంద్రకళ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతోంది. తెర మీద ఒకే ఒక్క వరస మిగిలి ఉంది. అది ఆమె కుటుంబమే. ఆమె చేత్తో చేసిందీ అదే, కంప్యూటర్ చేసిందీ అదే. ఇంకేదీ లేదు.

"అయిపోయినట్టేనా మేడం?"

"అయిపోయినట్టే" అంది. ఆ రోజు ఆమె పడ్డ సంతోషం పెళ్ళినాడు కూడా పడలేదు.

అక్కడి నుంచి అన్నీ చకచకా జరిగాయి. సిద్ధాంత గ్రంథం టైపయింది. సేతుమాధవరావు గారు చదివి, "కంప్యూటర్ ఇచ్చిన ఫలితాన్ని శుభ్రంగా ప్రింటు తీసి వెనక తగిలించు. నేను నెలాఖరుకు రిటైరవుతాండాను, ఆలోగా దాఖలు చేసేయాల. నేను పోయినంక ఇంకొక గైడు, ఇంకొక రిజిస్ట్రేషను, మళ్ళీ మొదటికి" అన్నాడు. నెల మధ్యలో ఉన్నారు. మిగిలింది ఆ నాలుగు పేజీల ప్రింటే. బైండింగు అతనితో కూడా మాట్లాడి పెట్టుకుంది. ఆషాఢ బహుళ ఏకాదశి నాడు ప్రింటు, ఆ వారంలోనే అనంతపురం.

ఆ ఏకాదశి దగ్గరే వచ్చింది చిక్కు. మాధ్వులకు తెల్లవారుజామున దశమి ఘడియలు కాస్త తగిలినా ఆ ఏకాదశి చెల్లదు. మర్నాడు ఉపవాసం ఉంటారు. మఠం పంచాంగం అట్లాగే చెబుతుంది. గోడ క్యాలెండరుకు ఆ పట్టింపు లేదు. ముందు రోజు పొద్దుటి నుంచి జిలాని మిషను ఖాళీ పెట్టుకుని మేడం కోసం వాకిలి వంక చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఆ రోజు ఆదోనిలో పప్పు, అన్నం వండుతోంది.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి గదిలో ప్రింటరు గరగరమని మోగుతోంది.

"నిన్న గదా మేడం ఏకాదశి?" అన్నాడు జిలాని దిగాలుగా.

"మాకు ఈ పొద్దు నాయనా. నిన్నటిదానికి దశమి తగిలింది."

"ఈ పొద్దు జీతాల బిల్లులు కొడతాండా. రేపు బట్వాడా, ఆపేదానికి లేదు. ప్రింటయ్యేంతసేపూ మెమరీలో సగం అదే ఆక్రమించుకోని ఉంటాది. మిగిలిన సగంలో మీ లెక్క నడుస్తాదేమో సూడండి. లేదంటే సాయంత్రం నాలుగుకు అయిపోతాది, అంతదాంక ఉండండి."

చంద్రకళ ఆగి ఉండడమా! ముళ్ళ మీద నిలబడ్డట్టే ఉంది ఆమెకు. మిగిలిన సగంలోనే మొదలుపెట్టింది. చోటు చాలదని యంత్రం ఆగిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. ఎక్కడ ఆగుతోందో చూస్తే, ఉమ్మడి కారణాంకాన్ని వెతికి కొట్టేసే పనిలో. రెండు పొడుగాటి సమీకరణాల్లో ఉమ్మడిగా ఉన్నదేదో వెతకడానికే ఎక్కువ చోటు కావాలి.

"కొట్టేయకపోతే మానె. బ్రాకెట్లు విప్పకుండా ఎట్లున్నవి అట్లే ఉంచమందాం" అంది. ఆ ఆదేశాన్ని తీసేసింది. లెక్క నత్తనడక నడిచింది. ఒక పక్క ప్రింటరు కూలీల పేర్లు కొడుతూనే ఉంది. ఆమె కిటికీ దాకా పోయి వస్తోంది, తలుపు దాకా పోయి వస్తోంది. మిట్టమధ్యాహ్నానికి తెర మీద చివరి వరస పడింది.

రెండు బ్రాకెట్లు. వాటి గుణకారం సున్నాకు సమానం.

మొదటి బ్రాకెట్ ఆమెకు కంఠతా వచ్చు. అది కుటుంబం. రెండోది చిన్నది. దాన్నీ ఆమె ఎరుగును. ఏళ్ళ తరబడి ప్రతి కాగితం మీదా ఈ బ్రాకెట్ కనిపించిన వెంటనే పెన్నుతో అడ్డంగా కొట్టేసింది. సున్నా కానిదాన్నే కొట్టేయాలి. ఇది సున్నా అవుతుందా, కాదా అని ఒక్కసారి కూడా అడిగి చూడలేదు. చిన్న సమీకరణాల్లో ఇట్లాంటిది ఒకటి దాగి ఉండవచ్చని బి.ఎస్సీ పుస్తకంలోనే ఉంది. పరీక్షలో అడగరు కాబట్టి క్లాసులో ఆ పేజీ దాటించేది. తన ఇంత పెద్ద లెక్కలో అదే పేజీ వచ్చి ఎదురు నిలబడుతుందని అనుకోలేదు.

ఆమె జీతాల బిల్లు పాడైన కాగితం ఒకటి కింద పడి ఉంటే తీసుకుని, వెనక్కి తిప్పి గోడకు ఆనించి, నిలబడే లెక్క చేసింది. రెండో బ్రాకెట్‌ను సున్నా అనుకుంది. ఒక వక్రం వచ్చింది. కుటుంబంలోని ప్రతి ఒక్కదాన్నీ ఒక్కొక్కచోట తాకుతూ పోయే వక్రం, తాను మాత్రం ఆ కుటుంబంలోది కాదు. దాన్ని తీసుకుపోయి మొదటి సమీకరణంలో పెట్టింది. సరిగ్గా సరిపోయింది. తప్పు చేశానేమోనని ఇంకోసారి పెట్టింది. మళ్ళీ సరిపోయింది.

చంద్రకళ కుర్చీ లాక్కుని కూర్చుంది.

జిలాని భయపడిపోయాడు. మేడం కూర్చోవడం అతను చదువుకునే రోజుల నుంచీ చూడలేదు. "కండ్లు తిరుగుతాండాయా మేడం? నీళ్ళు తేనా... అయ్యో, ఏకాదశి గదా."

"ఇంకొకటి ఉంది నాయనా" అంది ఆమె. "ఇంకేదీ లేదని రాసినా. ఉంది. ఇన్నేండ్లూ నేనే కొట్టేసినా."

నాలుగు గంటలకు జీతాల బిల్లులు అయిపోయాయి. మెమరీ మొత్తం ఖాళీ అయింది. ఏం చేయాలో తెలియక జిలాని అలవాటు ప్రకారం పాత పద్ధతిలో లెక్క నడిపించాడు. కారణాంకాలన్నీ కొట్టేసుకుంటూ కంప్యూటర్ గడగడా ముగించింది. కొత్త రిబ్బను మీద నాలుగు పేజీలు నల్లగా, ముత్యాల్లా ప్రింటయ్యాయి. ఇంకేదీ లేదని చివర్న ఉంది.

అతను వాటిని చింపి, అంచులు సరిచేసి ఆమె ముందు పెట్టాడు. "మేడం, కంప్యూటర్ గూడా అబద్ధం సెప్తాదా?"

"అబద్ధం కాదు. నేను నీకు నేర్పింది నువ్వు దానికి నేర్పినావు. అది అట్లే సేసింది."

జిలాని మొహం మాడిపోయింది. తన ఉపాయమే మేడం కొంప ముంచిందని అతనికి అర్థమయింది. "ఈ నాలుగు పేజీలూ తీస్కపోండి మేడం. ఎవురికి తెలుస్తాది" అన్నాడు చిన్నగా. ఆమె ప్రింటు పేజీలూ, చేత్తో రాసిన పాడు కాగితమూ రెండూ సంచిలో పెట్టుకుంది. చెప్పులు వేసుకుంటుంటే అతను లోపలికి పోయి, క్యాలెండరు తిప్పి, వచ్చే నెలలో ఏకాదశికీ దాని మర్నాటికీ రెండిటికీ ఎర్రసున్నాలు చుట్టాడు.

"ఈసారి రెండు పొద్దులూ ఖాళీ పెడతా మేడం. ఏది మీదో అది."

"ఇంక రానేమో నాయనా" అంది చంద్రకళ.

మర్నాడు ద్వాదశి. పొద్దు పొడవక ముందే పారణ, ఉపవాసం విడిచే భోజనం. చీకటితోనే లేచి వంట చేసి వడ్డించింది. పులుసులో ఉప్పు మరిచిపోయింది. విఠల్‌రావు కిక్కురుమనకుండా తిన్నాడు. రుక్మాబాయి ఉప్పు అడిగి వేసుకుని, "లెక్క ఏమాయె?" అని మాత్రం అడిగింది.

"తప్పాయె అత్తా."

ఆవిడ ఉప్పు గిన్నె కోడలి వైపు జరిపింది.

రెండు రోజులకు చంద్రకళ అనంతపురం పోయింది. సేతుమాధవరావు గారి ఇంట్లో అప్పటికే పుస్తకాలన్నీ మూటలు కట్టి ఉన్నాయి. ఆయన పాడు కాగితాన్ని కళ్ళద్దాలు పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తి చూశాడు. లెక్కలో తప్పు పట్టలేకపోయాడు. నిట్టూర్చాడు.

"ఈ కాగితం ఇంకెవరికన్నా సూపించినావా?"

"లేదు సార్."

"సూపించొద్దు. కంప్యూటర్ ప్రింటు వెనక అతికించి ఉంటే పరీక్షించేవాడు నోరెత్తడు. డిగ్రీ వస్తాది. ఆ రెండో బ్రాకెట్ సంగతి తరవాత నింపాదిగా ఇంకొక పేపరుగా రాసుకుందువు. ఎవురు సూసినారమ్మా దాన్ని?"

"నేను సూసినాను కదా సార్."

ఆమె చివరి రెండు అధ్యాయాలూ మార్చి రాస్తానంది. నెలాఖరుకు అది అయ్యే పని కాదని ఆయనకు తెలుసు, ఆమెకూ తెలుసు. "పిచ్చిదానివమ్మా" అన్నాడు చివరికి. కోపంగా అనలేదు. గేటు దాకా వచ్చి సాగనంపాడు.

గుంతకల్లులో బండి మారింది. అక్కడి నుంచి ఆదోని దాకా చంద్రకళ కిటికీ పక్కన కూర్చునే వచ్చింది. నల్లరేగడి చేలు వెనక్కి పోతున్నాయి. ఆమెకు ఏడుపు వచ్చింది, మీదుమిక్కిలి తన మీద తనకు కోపం వచ్చింది. నోరు మూసుకుని ఆ నాలుగు పేజీలు అతికించి ఉంటే ఏమయ్యేది? ఆకాశం విరిగి పడేదా? పడదు. అది తెలిసీ అతికించలేకపోయింది. డిగ్రీ పోయింది. దానికంటే ఎక్కువగా, డిగ్రీతో పాటు తన ఏకాదశులూ పోయాయి. ఇక ఏ మొహం పెట్టుకుని అత్తగారిని అడుగుతుంది? ఆ పాడు కాగితం మీద పుట్టిన వక్రం ఎటు పోతుందో, దాని వెనక ఇంకేముందో తెలుసుకోవాలని లోపల పీకుతూనే ఉంది. తెలుసుకునే రోజు మాత్రం ఇక లేదు.

నెలాఖరు వచ్చింది, పోయింది. కాలేజీలో చంద్రకళ పాఠాలు చెబుతూనే ఉంది. బోర్డు మీద ఒక పిల్లవాడు ఉమ్మడి కారణాంకాన్ని కొట్టేయబోతే, "ఆగు. అది సున్నా అయితే?" అంది. వాడు చాక్‌పీసు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. అది పరీక్షకు వస్తుందా అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. రాదని చెప్పి, ఆ గంటంతా అదే చెప్పింది.

శ్రావణ శుద్ధ ఏకాదశి వచ్చింది. పొద్దున్నే తలంటుకుని, మఠానికి కట్టుకునే తొమ్మిది గజాల చీర కట్టుకుంది. పొయ్యి చల్లగా ఉంది. చేతికి పని లేక వసారాలో ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి తిరుగుతోంది. రుక్మాబాయి పూజ ముగించుకుని బయటికి వచ్చి, కోడలిని పైనుంచి కిందిదాకా చూసింది.

"యాడికి బయలెల్లినావు?"

"మీతోనే అత్తా. మఠానికి, పురాణానికి."

"డిగ్రీ వచ్చిందా?"

చంద్రకళ తల వంచుకుంది. "రాలేదు."

"వస్తాదా?"

"తెలీదత్తా. మళ్ళా మొదటి నుంచి సేయాల. ఎన్నేండ్లు పడతాదో. రాకనే పోవచ్చు."

"నేనేమన్నాను?" అంది రుక్మాబాయి. "వచ్చేదాంక ఏకాదశి నీదన్నాను. వచ్చినంక మఠానికి రమ్మన్నాను. రాకముందే నువ్వు మఠానికి వస్తే నా మాట ఏం గావాల?"

అత్తగారు నవ్వలేదు, జాలి పడలేదు. ఎప్పటి మొహంతోనే కొంగు భుజం మీద సర్దుకుని మెట్లు దిగింది. వీధిలోకి పోయి, వెనక్కి తిరక్కుండానే ఇంకో మాట అంది.

"చీర మార్చుకోని పో. ఎమ్మిగనూరు బస్సు ఇడిసేస్తారు."

చంద్రకళ ఏడుస్తూనే చీర మార్చుకుంది. బస్టాండు దాకా పరుగులాంటి నడక నడిచింది. ఆ పొద్దు బస్సులో సగం సీట్లు ఖాళీగా ఉన్నాయి. డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని నిలబడి, రెండో చేతి వేలితో గాలిలో ఆ రెండో బ్రాకెట్ రాసుకుంటూ పోయింది.